రిలే దానంతట అది టక్కుమనకుండా: లైనక్స్ డ్రైవర్‌లో జీపీఐఓ పిన్ దిశను సెట్ చేయడం ఎలా

నేను రాసిన మొదటి కెర్నెల్ మాడ్యూల్‌ని (లైనక్స్ ప్రధాన భాగమైన కెర్నెల్‌లోకి ఎక్కించే కోడ్‌ని) లోడ్ చేయగానే బల్ల మీదున్న రిలే (కరెంటుతో నడిచే స్విచ్) టక్కుమంది. రిలేని ఆన్ చేయమని నా కోడ్‌లో ఒక్క లైను కూడా లేదు. దాన్ని నడిపే జీపీఐఓ పిన్‌ని (కోడ్ నుంచి ఇన్‌పుట్‌గానో అవుట్‌పుట్‌గానో వాడుకోగల పిన్‌ని) అవుట్‌పుట్‌గా మార్చమని మాత్రమే రాశాను. ఆ రోజు రిలేకి ఏమీ కలపలేదు కాబట్టి సరిపోయింది. ఏ బోరు మోటారు స్టార్టరో దానికి తగిలించి ఉంటే, మాడ్యూల్ లోడ్ అయిన క్షణాన మోటారు తిరిగేది.

తప్పు దొరకడానికి రెండు రోజులు పట్టింది. పిన్ దిశ అంటే లోపలికా బయటికా అన్న ఒక్క ప్రశ్నే అనుకున్నాను. బయటికి అని చెప్పిన మరుక్షణం ఆ పిన్ మీద ఏదో ఒక వోల్టేజ్ ఉండి తీరాలి. అది ఎంతో ముందే మనం చెప్పకపోతే హార్డ్‌వేర్ తన దగ్గరున్న పాత విలువనే బయట పెడుతుంది. అందుకే కింద ప్రతి అడుగులోనూ దిశతో పాటు మొదటి విలువ గురించి కూడా మాట్లాడతాను.

ఉదాహరణకు రాస్ప్‌బెర్రీ పై 4 తీసుకుందాం. జీపీఐఓ 17 మీద, అంటే 40 పిన్నుల హెడర్‌లో 11వ పిన్ మీద, యాక్టివ్ లో (పిన్ 0 వోల్టుల్లో ఉంటే ఆన్ అయ్యే) రిలే మాడ్యూల్. జీపీఐఓ 27 మీద, అంటే 13వ పిన్ మీద, ఒక బటన్. బటన్ రెండో కాలు గ్రౌండ్‌కి. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులవి, వాటికి 5 వోల్టులు తగలనివ్వకండి. ప్రయోగం పూర్తయ్యేదాకా రిలే అవతలి వైపు 230 వోల్టుల లైను కలపవద్దు. టక్ శబ్దం వినిపిస్తే మనకు చాలు.

ఒక మాట ముందే చెప్పాలి. మీకు కావలసింది ఎల్ఈడీ వెలిగించడం, బటన్ చదవడం మాత్రమే అయితే సొంత డ్రైవర్ రాయకండి. ఎల్ఈడీలకు, బటన్లకు, పవర్ స్విచ్‌లకు కెర్నెల్‌లో సిద్ధంగా డ్రైవర్లున్నాయి, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే వివరణలో) నాలుగు లైన్లు రాస్తే పని అయిపోతుంది. మీ హార్డ్‌వేర్‌కి దాని సొంత లాజిక్ ఉన్నప్పుడే ముందుకు రండి. ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కోడ్‌లో అవి చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, నేను గీత పెట్టిన చోట అండర్‌స్కోర్‌తో ఉంటాయి. ఫ్లాగుల పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో.

మొదటి అడుగు: పిన్ ఇప్పుడు ఎలా ఉందో చూడండి

కోడ్ రాయకముందే బోర్డు మీద "పిన్‌సీటీఆర్‌ఎల్ గెట్ 17" అని కొట్టండి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో ఈ కమాండ్ ఉంటుంది. బూట్ అయిన రాస్ప్‌బెర్రీ పై మీద 17వ పిన్ (అంటే జీపీఐఓ 17) ఇన్‌పుట్ అని, పుల్ డౌన్ (పిన్‌ని బలహీనంగా 0 వోల్టుల వైపు లాగే లోపలి రెసిస్టర్; పుల్ అప్ అయితే 3.3 వైపు) ఉందని, లెవల్ లో అని చూపిస్తుంది. హెడర్ మీద జీపీఐఓ 0 నుంచి 8 వరకు పిన్నులు రీసెట్ తర్వాత పుల్ అప్‌తో, 9 నుంచి 27 వరకు పుల్ డౌన్‌తో మొదలవుతాయి. దిశ మాత్రం అన్నింటికీ ఇన్‌పుట్టే. ఈ వివరం చివర్లో మళ్లీ పనికొస్తుంది.

చిప్ లోపల ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. పై 4లోని బీసీఎం2711లో, అంతకు ముందు బోర్డుల్లోని బీసీఎం2835 వరసలోనూ, ఒక్కో పిన్‌కి మూడు బిట్లు ఉంటాయి. 000 అయితే ఇన్‌పుట్, 001 అయితే అవుట్‌పుట్, మిగిలిన ఆరు కలయికలూ యూఆర్ట్, ఎస్‌పీఐ లాంటి వేరే పనులకు. ఒక 32 బిట్ల రిజిస్టర్‌లో పది పిన్నులు పడతాయి. కాబట్టి 17వ పిన్ రెండో ఫంక్షన్ సెలెక్ట్ రిజిస్టర్‌లో 21 నుంచి 23 బిట్ల మధ్య ఉంటుంది. అవుట్‌పుట్ విలువకు మాత్రం వేరే రిజిస్టర్లు: ఒకటి పిన్‌ని పైకి లేపడానికి, మరొకటి కిందికి దించడానికి. దిశ ఒక చోట, విలువ ఒక చోట. నా రిలే సమస్య అంతా ఈ రెండింటి మధ్య సందులోనే ఉంది. పై 5లో ఈ పిన్నుల్ని ఆర్‌పీ1 అనే వేరే చిప్ చూసుకుంటుంది కాబట్టి ఈ బిట్ల లెక్క దానికి వర్తించదు.

ఈ బిట్ల అర్థం చిప్ చిప్‌కీ మారుతుంది. బీగిల్‌బోన్‌లోని ఏఎం335ఎక్స్‌లో 1 అంటే ఇన్‌పుట్, 0 అంటే అవుట్‌పుట్. ఐడాట్‌ఎంఎక్స్ చిప్‌లలో సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఎంసీపీ23017 ఎక్స్‌పాండర్‌లో (అదనపు పిన్నులు ఇచ్చే చిప్‌లో) మళ్లీ 1 అంటే ఇన్‌పుట్. అందుకే రిజిస్టర్ అడ్రస్‌ని ఐఓరీమ్యాప్ చేసి (కెర్నెల్ మెమరీలో కనిపించేలా చేసుకుని) మీ డ్రైవర్ నుంచే నేరుగా బిట్లు రాయవద్దు. నెట్‌లో అలాంటి ఉదాహరణలు చాలా కనిపిస్తాయి. నేర్చుకోవడానికి బాగుంటాయి గానీ, అదే రిజిస్టర్‌ని పిన్ కంట్రోల్ డ్రైవర్ కూడా రాస్తోందన్న సంగతి వాటిలో ఉండదు. ఇద్దరూ ఒకేసారి చదివి మార్చి రాస్తే పక్క పిన్ దిశ చెడిపోతుంది, దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

రెండో అడుగు: పిన్ నంబర్‌ని డివైస్ ట్రీకి అప్పగించండి

పాత పుస్తకాల్లో 17 అన్న అంకెని నేరుగా కోడ్‌లో రాసి, జీపీఐఓ_రిక్వెస్ట్, జీపీఐఓ_డైరెక్షన్_అవుట్‌పుట్ పిలవడం కనిపిస్తుంది. 2014 జనవరిలో వచ్చిన 3.13 కెర్నెల్ నుంచి డిస్క్రిప్టర్ పద్ధతి (అంకె బదులు కెర్నెల్ ఇచ్చే పాయింటర్‌తో పిన్‌ని వాడుకోవడం) ఉంది, కొత్త కోడ్‌కి అదే వాడాలి. నంబర్ పద్ధతి ఎలా దెబ్బ తీస్తుందో రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లకు బాగా తెలుసు: 6.6 కెర్నెల్‌తో గ్లోబల్ నంబర్లు 512 నుంచి మొదలయ్యాయి. నిన్నటి 17 ఇవాళ 529 అయింది, పాత స్క్రిప్టులన్నీ ఆగిపోయాయి.

డివైస్ ట్రీ ఓవర్‌లేలో (అసలు డివైస్ ట్రీకి తగిలించే చిన్న ఫైలులో) మీ డివైస్‌కి ఒక నోడ్ పెట్టండి. అందులో కంపాటిబుల్ స్ట్రింగ్ (ఈ నోడ్‌కి ఏ డ్రైవర్ అన్నది చెప్పే పేరు), దాని కింద "రిలే-జీపీఐఓస్" అనే ప్రాపర్టీ రాయండి. ప్రాపర్టీ విలువలో మూడు ముక్కలుంటాయి: జీపీఐఓ కంట్రోలర్, పిన్ నంబర్ 17, ఫ్లాగ్ 1. ఆ 1 అంటే యాక్టివ్ లో. బటన్‌కి "బటన్-జీపీఐఓస్", పిన్ 27, ఫ్లాగ్ 17. ఈ 17ని పిన్ నంబర్ అనుకోకండి: యాక్టివ్ లోకి 1, పుల్ అప్‌కి 16, రెండూ కలిపి 17. హెడర్ ఫైలుని చేర్చుకుని కంపైల్ చేస్తే అంకెల బదులు పేర్లే రాయవచ్చు, చదివేవాళ్లకి అదే మేలు.

డివైస్ ట్రీ కంపైలర్ అయిన డీటీసీతో ఓవర్‌లేని కంపైల్ చేసేటప్పుడు -@ ఆప్షన్ ఇవ్వండి. తర్వాత దాన్ని ఓవర్‌లేల ఫోల్డర్‌లో పెట్టి, కాన్ఫిగ్ ఫైలులో పేరు చేర్చి, బోర్డుని రీబూట్ చేయండి.

రిలే యాక్టివ్ లోనా, హైనా అన్నది బోర్డు వైరింగ్‌కి సంబంధించిన సంగతి. అది డివైస్ ట్రీలోనే ఉండాలి. డ్రైవర్‌కి తెలియాల్సింది రిలే ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా అన్నది మాత్రమే. రేపు యాక్టివ్ హై మాడ్యూల్ కొన్నా డ్రైవర్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

మూడో అడుగు: ప్రోబ్‌లో పిన్‌ని తీసుకుంటూనే దిశ చెప్పండి

ఇదే అసలు అడుగు. జీపీఐఓ కన్స్యూమర్ హెడర్‌ని చేర్చుకుని, ప్రోబ్ ఫంక్షన్‌లో (డివైస్ దొరకగానే కెర్నెల్ పిలిచే ఫంక్షన్‌లో) డెవ్‌ఎం_జీపీఐఓడీ_గెట్ పిలవండి. దానికి మూడు ఇవ్వాలి: మీ డివైస్ పాయింటర్, "రిలే" అన్న పేరు, ఒక ఫ్లాగ్. పేరు దగ్గర చాలామంది పొరబడతారు. డివైస్ ట్రీలో ఉన్నట్టు "రిలే-జీపీఐఓస్" అని పూర్తిగా రాస్తే పిన్ దొరకదు, మైనస్ 2 ఎర్రర్ వస్తుంది. చివరి భాగాన్ని కెర్నెలే తగిలించుకుంటుంది.

ఫ్లాగులు ముఖ్యంగా నాలుగు. జీపీఐఓడీ_ఐఎన్ అంటే ఇన్‌పుట్. జీపీఐఓడీ_అవుట్_లో అంటే అవుట్‌పుట్, మొదటి విలువ 0. జీపీఐఓడీ_అవుట్_హై అంటే అవుట్‌పుట్, మొదటి విలువ 1. నాలుగోది జీపీఐఓడీ_యాజ్ఈజ్: దిశని ముట్టుకోదు, ఎలా ఉంటే అలా వదిలేస్తుంది.

మన రిలేకి ఏది వాడాలి? ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రిలే యాక్టివ్ లో, అంటే పిన్ మీద 0 వోల్టులు ఉంటే ఆన్. మనకు మొదట ఆఫ్ కావాలి. కాబట్టి పిన్ మీద 3.3 వోల్టులు ఉండాలి. కాబట్టి అవుట్_హై అనుకుంటారు. కానీ రాయాల్సింది అవుట్_లో. ఎందుకంటే డిస్క్రిప్టర్ పద్ధతిలో లో, హై అన్నవి వోల్టేజ్‌లు కావు, లాజిక్ విలువలు. లో అంటే "ఈ లైను పనిలో లేదు", హై అంటే "పనిలో ఉంది". డివైస్ ట్రీలో యాక్టివ్ లో అని ముందే చెప్పాం కాబట్టి కెర్నెల్ తిప్పి రాసుకుంటుంది: మీరు 0 ఇస్తే పిన్ మీద 3.3 వోల్టులు పడతాయి. పేరులో హై, లో అని ఉండడం వల్ల ఈ తికమక ప్రతి కొత్తవారికీ వస్తుంది. మనసులో హై అన్నచోట "ఆన్", లో అన్నచోట "ఆఫ్" అని చదువుకోండి. పిన్ వోల్టేజ్‌నే చెప్పాల్సిన అవసరం వస్తే పేరులో రా అని ఉండే ఫంక్షన్లు వేరే ఉన్నాయి.

నా మొదటి మాడ్యూల్‌లో తప్పు ఇదే. డివైస్ ట్రీలో యాక్టివ్ హై అని రాశాను, డ్రైవర్‌లో అవుట్_లో అన్నాను. కెర్నెల్ నేను చెప్పినట్టే పిన్‌ని 0 వోల్టులకి దించింది, రిలే ఆన్ అయింది.

యాజ్ఈజ్ జోలికి కారణం లేకుండా వెళ్లకండి. బూట్‌లోడర్ పెట్టిన స్థితిని చెదరగొట్టకుండా అందుకోవాల్సినప్పుడు అది పనికొస్తుంది, ఉదాహరణకి స్క్రీన్ ముందే వెలుగుతూ ఉంటే. కానీ యాజ్ఈజ్ వాడాక దిశ చెప్పకుండా విలువ రాయడం, చదవడం చెల్లదు. లైనక్స్‌లో జీపీఐఓకి డిఫాల్ట్ దిశ అంటూ ఏదీ లేదు. ఇంకో అలవాటు కూడా మానుకోవాలి: ముందు జీపీఐఓడీ_డైరెక్షన్_అవుట్‌పుట్‌కి 0 ఇచ్చి, మరుసటి లైనులో జీపీఐఓడీ_సెట్_వ్యాల్యూతో 1 చేయడం. ఈ రెండింటి మధ్య పిన్ మీద ఒక చిన్న పల్స్ వెళ్తుంది. అంత చిన్న పల్స్‌కి రిలే కదలకపోవచ్చు, దాని ఆర్మేచర్ కదలడానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి. అదే లైను ఒక మోడెమ్ రీసెట్‌కి వెళ్తుంటే మాత్రం మోడెమ్ రీసెట్ అయిపోవచ్చు. డైరెక్షన్_అవుట్‌పుట్ రెండో ఆర్గ్యుమెంట్‌గా విలువని అడిగేది అందుకే. మొదటిసారే సరైన విలువ ఇవ్వండి.

బటన్‌కి "బటన్" పేరు, జీపీఐఓడీ_ఐఎన్. అంతే.

తిరిగి వచ్చిన పాయింటర్‌ని ఈజ్_ఎర్ర్‌తో (కోడ్‌లో ఇది పెద్ద అక్షరాల్లో) చూసి, తప్పయితే డెవ్_ఎర్ర్_ప్రోబ్ ద్వారా బయటికి రండి. జీపీఐఓ కంట్రోలర్ ఇంకా లేవకపోతే మైనస్ 517 వస్తుంది. అది తప్పు కాదు, కాసేపాగి మళ్లీ ప్రోబ్ చేయమని అర్థం. డెవ్_ఎర్ర్_ప్రోబ్ ఆ ఒక్కదానికి లాగ్‌లో ఎర్రర్ లైన్లు నింపకుండా చూసుకుంటుంది. పిన్ కొన్ని బోర్డుల్లోనే ఉంటుందంటే పేరు చివర ఆప్షనల్ అని ఉన్న ఫంక్షన్ వాడండి. పిన్ లేకపోతే అది నల్ ఇస్తుంది, ఆ నల్‌ని దిశ ఫంక్షన్లకి ఇచ్చినా అవి ఊరుకుంటాయి.

నాలుగో అడుగు: నిజంగా అలాగే ఉందా?

మాడ్యూల్ లోడ్ చేసి "జీపీఐఓఇన్ఫో" కమాండ్ కొట్టండి. 17వ లైను ఎదురుగా రిలే పేరు, అవుట్‌పుట్, యాక్టివ్ లో అని ఉండాలి. 27వ లైను ఎదురుగా బటన్, ఇన్‌పుట్. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ లోపలి వివరాలు చూపించే ఫోల్డర్‌లో) ఉన్న జీపీఐఓ ఫైలు ఇంకో కోణం చూపిస్తుంది: అక్కడ హై, లో అన్నవి నిజమైన పిన్ వోల్టేజ్‌లు. రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు "అవుట్, హై, యాక్టివ్ లో" అని కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. చివరిగా మల్టీమీటర్ పెట్టి చూడండి. నేను ఈ మూడూ చేస్తాను, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ చూపించేది చాలాసార్లు తనకు గుర్తున్న దిశని మాత్రమే.

పరీక్ష కోసం పాత సిస్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో (ఫైళ్లలో రాసి పిన్‌ని నడిపే పద్ధతిలో) 17ని ఎక్స్‌పోర్ట్ చేయకండి. 2016లో 4.8 కెర్నెల్‌తో క్యారెక్టర్ డివైస్ వచ్చినప్పటి నుంచి అది పక్కన పెట్టిన దారి. పైగా మీ డ్రైవర్ పట్టుకున్న పిన్ బయటివాళ్లకి దొరకదు, మైనస్ 16 వస్తుంది. బోర్డు చేతిలో లేనివాళ్లు 5.17 కెర్నెల్ నుంచి ఉన్న జీపీఐఓ-సిమ్ మాడ్యూల్‌తో ఉత్తుత్తి పిన్నులు తయారు చేసుకుని సాధన చేయవచ్చు.

ఐదో అడుగు: నడుస్తుండగా దిశ మార్చడం

కొన్ని సెన్సర్లు ఒకే తీగ మీద మాట్లాడతాయి, వింటాయి. డీహెచ్‌టీ11 అనే తేమ సెన్సర్ అలాంటిదే, దాని డ్రైవర్ కెర్నెల్ సోర్స్‌లో ఉంది. దిశ మార్పు నేర్చుకోవడానికి అంత చిన్న, శుభ్రమైన ఉదాహరణ నాకు ఇంకోటి తెలియదు. ప్రోబ్‌లో పిన్‌ని ఇన్‌పుట్‌గా తీసుకుంటుంది. చదవాల్సి వచ్చినప్పుడు డైరెక్షన్_అవుట్‌పుట్‌కి 0 ఇచ్చి తీగని కిందికి లాగుతుంది, 18 నుంచి 20 మిల్లీసెకన్లు ఆగుతుంది. తర్వాత డైరెక్షన్_ఇన్‌పుట్ పిలిచి తీగని వదిలేస్తుంది. అప్పుడు ఇంటరప్ట్ (పిన్ మారగానే కెర్నెల్‌ని తట్టి లేపే సంకేతం, కోడ్‌లో ఐఆర్‌క్యూ) అడిగి సెన్సర్ పంపే పల్స్‌లని లెక్కపెడుతుంది, పని అయ్యాక ఇంటరప్ట్‌ని వదిలేస్తుంది.

ప్రతిసారీ ఇంటరప్ట్‌ని అడిగి వదలడం ఎందుకు, ఒకసారి అడిగి ఉంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఇంటరప్ట్‌గా వాడుతున్న లైనుని అవుట్‌పుట్ చేయబోతే కెర్నెల్ మైనస్ 5 ఇచ్చి, ఐఆర్‌క్యూకి కట్టిన లైనుని అవుట్‌పుట్ చేయబోయారని లాగ్‌లో రాస్తుంది. అటునుంచి కూడా అంతే: అవుట్‌పుట్‌గా ఉన్న లైను మీద ఇంటరప్ట్ అడిగితే ఒప్పుకోదు.

ఒకే తీగ మీద ఇద్దరు మాట్లాడే చోట పిన్‌ని ఎప్పుడూ బలంగా పైకి నెట్టకండి. కిందికి లాగాలంటే అవుట్‌పుట్ 0, పైకి వెళ్లాలంటే ఇన్‌పుట్‌గా మార్చి పుల్ అప్ రెసిస్టర్‌కి వదిలేయడం. దీన్నే ఓపెన్ డ్రెయిన్ అంటారు. డివైస్ ట్రీలో ఓపెన్ డ్రెయిన్ ఫ్లాగ్ ఇస్తే, చిప్‌లో ఆ సౌకర్యం లేకపోయినా, కెర్నెల్ మీ తరఫున ఇలా దిశ మారుస్తూ అనుకరిస్తుంది. మీరు విలువ రాస్తూ పోతే చాలు.

పిన్ ఐ2సీ ఎక్స్‌పాండర్ మీద ఉంటే దిశ మార్చడమంటే ఐ2సీ బస్ మీద ఒక సందేశం పంపడం. అందులో కోడ్ నిద్రపోయే, అంటే బస్ పని అయ్యేదాకా ఆగిపోయే, అవకాశం ఉంది. కాబట్టి ఇంటరప్ట్ హ్యాండ్లర్ లోపల గానీ, స్పిన్‌లాక్ పట్టుకుని గానీ దిశ మార్చకండి. థ్రెడ్ హ్యాండ్లర్‌లోకో వర్క్‌క్యూలోకో తరలించి, విలువలకు క్యాన్‌స్లీప్ అని చివర ఉన్న ఫంక్షన్లు వాడండి.

మీరు కంట్రోలర్ డ్రైవరే రాస్తుంటే

ఇంతవరకు పిన్‌ని వాడుకునే వైపు చూశాం. కొత్త చిప్‌కో ఎఫ్‌పీజీఏకో జీపీఐఓ కంట్రోలర్ డ్రైవర్ రాసేవారు జీపీఐఓ_చిప్ స్ట్రక్చర్‌లో దిశ కోసం మూడు ఫంక్షన్లు నింపాలి: గెట్_డైరెక్షన్, డైరెక్షన్_ఇన్‌పుట్, డైరెక్షన్_అవుట్‌పుట్. గెట్_డైరెక్షన్ అవుట్‌పుట్‌కి 0, ఇన్‌పుట్‌కి 1 తిరిగి ఇవ్వాలి. మీ చిప్‌లో బిట్ అర్థం ఏదైనా సరే, ఇక్కడ మాత్రం ఇదే లెక్క. అంకెల బదులు కెర్నెల్ ఇచ్చిన పేర్లు వాడితే తలకిందులు కాదు.

డైరెక్షన్_అవుట్‌పుట్‌లో వరస ముఖ్యం: ముందు విలువ, తర్వాత దిశ. బీసీఎం2835 డ్రైవర్ తెరిచి చూడండి, మొదటి పని పిన్‌ని లేపే లేదా దించే రిజిస్టర్‌లో రాయడం, రెండోది ఫంక్షన్ బిట్లని అవుట్‌పుట్ చేయడం. పిన్ ఇంకా ఇన్‌పుట్‌గా ఉండగానే విలువ లోపల సిద్ధంగా కూర్చుంటుంది, తలుపు తెరవగానే సరైనదే బయటికి వస్తుంది. కొన్ని చిప్‌లలో ఇన్‌పుట్‌గా ఉన్న పిన్‌కి విలువ రాస్తే నిలవదు, అక్కడ వరస తిప్పక తప్పదు. మీ డేటాషీట్‌లో ఈ ఒక్క వాక్యం కోసం వెతకండి. ఈ ఫంక్షన్‌కి వచ్చే విలువ నిజమైన వోల్టేజ్ లెక్కే, యాక్టివ్ లో తిప్పడం కెర్నెల్ పై పొరలోనే అయిపోయింది, మీరు మళ్లీ తిప్పకండి.

ఒక రిజిస్టర్‌లో పది పిన్నుల బిట్లు కలిసి ఉన్నప్పుడు చదవడం, మార్చడం, రాయడం మొత్తానికీ లాక్ ఉండాలి. పిన్‌కి ఒక బిట్ చొప్పున ఉండే మామూలు చిప్ అయితే ఇవన్నీ మీరే రాయకుండా జీపీఐఓ-ఎంఎంఐఓ సహాయక కోడ్‌కి రిజిస్టర్ అడ్రసులు అప్పగించండి.

దిశ రిజిస్టర్ అసలే లేని చిప్‌లూ ఉన్నాయి. పీసీఎఫ్8574లో ఇన్‌పుట్ అంటే పిన్‌కి 1 రాసి వదిలేయడమే. బలహీనమైన కరెంటుతో అది పైకి ఉంటుంది, బయటివాళ్లు కిందికి లాగితే తెలుస్తుంది. దాని డ్రైవర్‌లో డైరెక్షన్_ఇన్‌పుట్ చేసేది అంతే.

చివరి అడుగు: మీ డ్రైవర్ లేని సమయం

పేరు మొదట డెవ్‌ఎం అని ఉన్న ఫంక్షన్ వాడారు కాబట్టి మాడ్యూల్ తీసేసినప్పుడు పిన్ దానంతట అది విడుదలవుతుంది. కానీ విడుదలైన పిన్ ఏ దిశలో ఉంటుందన్నది కంట్రోలర్ ఇష్టం. కొన్ని పాత స్థితిలోనే వదిలేస్తాయి, కొన్ని ఇన్‌పుట్‌కి తిప్పేస్తాయి. అందుకే రిమూవ్ ఫంక్షన్‌లోనూ, షట్‌డౌన్ ఫంక్షన్‌లోనూ రిలేకి 0 రాసి ఆఫ్ చేయండి. షట్‌డౌన్‌ని చాలామంది మరిచిపోతారు, రీబూట్ కొట్టినప్పుడు పిలిచేది దాన్నే.

కరెంటు వచ్చిన క్షణం నుంచి మీ ప్రోబ్ నడిచేదాకా పిన్ మీ చేతిలో ఉండదు. ఆ కొన్ని సెకన్లు 17వ పిన్ పుల్ డౌన్‌తో ఇన్‌పుట్‌గా ఉంటుంది. ఆప్టోకప్లర్ (వెలుతురుతో సంకేతాన్ని అందించే భాగం) ఉన్న రిలే మాడ్యూల్‌ని లాగడానికి ఆ బలహీనమైన పుల్ డౌన్ సాధారణంగా చాలదు. కానీ అదే పిన్ ఒక చిప్ యాక్టివ్ లో రీసెట్‌కి వెళ్తుంటే దానికి అది చాలు. రాస్ప్‌బెర్రీ పైలో అయితే కాన్ఫిగ్ ఫైలులో 17వ పిన్‌ని బూట్ మొదట్లోనే అవుట్‌పుట్ హై చేయమని ఫర్మ్‌వేర్‌కి ఒక లైనుతో చెప్పవచ్చు. అయినా ఫర్మ్‌వేర్ లేవడానికీ కొంత సమయం పడుతుంది. నేను మాత్రం 17వ పిన్ నుంచి 3.3 వోల్టులకి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి సోల్డర్ చేశాను. లోపలి పుల్ డౌన్ కంటే అది బలమైనది, కాబట్టి కెర్నెల్ లేకపోయినా, ఫర్మ్‌వేర్ ఇంకా లేవకపోయినా లైను హైలోనే ఉంటుంది.